పక్కనున్నదే కారణమా?

1990 వేసవిలో శ్రీకాకుళంలోని ఒక స్టాటిస్టిక్స్ లెక్చరర్‌కు తమ్ముడి దగ్గర నుంచి ఇన్‌లాండ్ లెటర్ వచ్చింది. తమ్ముడు ఉత్తరాదిన ఒక అణు విద్యుత్ కేంద్రంలో మెయింటెనెన్స్ టెక్నీషియన్. ఆరేళ్ల కూతురికి లుకేమియా అని డాక్టర్లు తేల్చి అప్పటికి నాలుగు నెలలు. క్వార్టర్స్‌కూ బొంబాయికీ మధ్య తిరగడమే అతని పనైపోయింది. పాప ఆరోగ్యం గురించి నాలుగు ముక్కలు రాసి, చివర ఒక ప్రశ్న అడిగాడు. ఇంగ్లండ్‌లో అణు కేంద్రంలో పనిచేసే తండ్రుల పిల్లలకు ఈ జబ్బు ఎక్కువగా వస్తోందని పేపర్లో చదివాడట. "అన్నయ్యా, పాపకి ఈ జబ్బు నేనే తెచ్చిపెట్టానా?"

మాస్టారు అప్పటికి ఇరవై ఏళ్లకు పైగా డిగ్రీ పిల్లలకు పాఠం చెబుతున్నారు. ఏటా సహసంబంధం అధ్యాయం మొదలుపెట్టే ముందు బోర్డు మీద రాసే వాక్యం ఒకటుంది. అదే కార్డు మీద రాసి పోస్టులో వేశారు: "సహసంబంధం వేరు, కారణం వేరు. పిచ్చి ఆలోచనలు పెట్టుకోకు. ధైర్యంగా ఉండు."

ఆ కార్డులో తప్పుడు మాట ఒక్కటీ లేదు. కానీ అంత పనికిమాలిన జవాబు తన జన్మలో మరొకటి రాయలేదంటారు ఎనభై దాటిన ఆయన ఇప్పుడు. మరుసటి ఏడు వర్షాకాలంలో పాప పోయింది. తమ్ముడూ మరదలూ ఇంకో బిడ్డ వద్దనుకున్నారు. అప్పటికి మరదలి వయసు ముప్పై కూడా లేదు. ఆ నిర్ణయానికి అసలు కారణం పేపర్లో చదివిన ఆ వార్తే అని మాస్టారుకు తెలిసింది మూడేళ్ల తర్వాత.

కాకి వాలగానే తాటిపండు రాలిందట. కాకి వాలడం వల్లే పండు రాలిందనుకోవడాన్ని మనవాళ్లు కాకతాళీయం అన్నారు. తెలుగువాళ్లు రోజూ వాడే ఆ మాటలో స్టాటిస్టిక్స్ మొదటి పాఠం దాగి ఉంది. కానీ నిప్పు లేనిదే పొగ రాదన్న సామెత కూడా తెలుగువాళ్లదే. ఈ రెండింటిలో ఏది ఎప్పుడు వర్తిస్తుందో తేల్చుకోవడమే చిక్కు. అణు విద్యుత్తు, ఆరోగ్యం అనగానే ఒక వర్గం కాకి కథ చెబుతుంది, మరో వర్గం పొగ సామెత చెబుతుంది. రెండు వర్గాలూ లెక్క చూడటానికి మాత్రం కూర్చోవు.

తమ్ముడిని భయపెట్టిన వార్త వెనుక కథ ఇంగ్లండ్ వాయవ్య తీరంలోని సీస్కేల్ అనే చిన్న ఊరిది. ఆ ఊరి పక్కనే సెలాఫీల్డ్ అణు సముదాయం ఉంది. పాత పేరు విండ్‌స్కేల్. 1957 అక్టోబరులో అక్కడి రియాక్టర్‌లో మంటలు రేగాయి. 1983 నవంబరులో యార్క్‌షైర్ టెలివిజన్ ఒక డాక్యుమెంటరీ ప్రసారం చేసింది. 1950ల నుంచి ఆ ఊళ్లో పిల్లల్లో, యువతలో ఏడుగురికి లుకేమియా వచ్చిందని అందులో చెప్పారు. అంత చిన్న ఊళ్లో దేశ సగటు ప్రకారమైతే ఒకరికి మించి ఉండకూడదు. బ్రిటన్ అట్టుడికింది. సర్ డగ్లస్ బ్లాక్ నాయకత్వంలో కమిటీ వేశారు. 1984లో ఆ కమిటీ రెండు మాటలు చెప్పింది: ఊళ్లో జబ్బు ఎక్కువగా ఉన్న మాట నిజమే. కానీ కేంద్రం నుంచి పిల్లలకు అందిన రేడియేషన్ ఆ జబ్బుకు సరిపోయేంత లేదు.

ఇక్కడ ఎవరికైనా వచ్చే మొదటి అనుమానం యాదృచ్ఛికం. మాస్టారు దీన్ని క్లాసులో కందిపప్పుతో చూపించేవారు. బల్ల మీద గళ్ల తువ్వాలు పరిచి, కళ్లు మూసుకుని గుప్పెడు పప్పు చల్లేవారు. ఏ గడిలోనూ సమానంగా పడదు. కొన్ని గళ్లు ఖాళీ, ఒకటి రెండు గళ్లలో ఏడెనిమిది గింజలు. గింజలకు ఆ గడి మీద ప్రేమేమీ లేదు. దేశంలో వేల ఊళ్లున్నప్పుడు ఏదో ఒక ఊళ్లో జబ్బులు గుంపుగా కనిపించి తీరతాయి. ఆ ఊరి పక్కన ఏముందో వెతికితే ఏదో ఒకటి దొరుకుతుంది. కర్మాగారమో, టవరో, హైటెన్షన్ లైనో. గోడకు బాణం వేసి, తగిలిన చోట చుట్టూ సున్నా గీసి, గురి కుదిరిందనుకోవడం లాంటిదే ఇది.

కానీ సీస్కేల్ అంత తేలిగ్గా కొట్టిపారేసే కేసు కాదు. అక్కడ గింజలు మరీ ఎక్కువ పడ్డాయి. తర్వాతి ఏళ్లలో కూడా కొంతకాలం పడుతూనే వచ్చాయి. అందుకే 1985లో బ్రిటన్ ప్రభుత్వం పర్యావరణంలోని రేడియేషన్‌పై కోమేర్ అనే శాశ్వత వైద్య కమిటీని ఏర్పాటు చేయాల్సి వచ్చింది.

1990 ఫిబ్రవరిలో మార్టిన్ గార్డ్‌నర్ అనే నిపుణుడి బృందం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో కొత్త వివరణ ఇచ్చింది. బిడ్డ కడుపున పడకముందు తండ్రి ఒంటికి పనిలో మొత్తం 100 మిల్లీసీవర్ట్‌లు, అంతకుమించి రేడియేషన్ సోకి ఉంటే, బిడ్డకు లుకేమియా ముప్పు ఆరేడు రెట్లు ఎక్కువగా కనిపించిందన్నది దాని సారాంశం. జబ్బు గాలి నుంచో నీళ్ల నుంచో కాదు, తండ్రి వీర్యం నుంచి వచ్చి ఉండవచ్చన్న మాట. వార్త ప్రపంచమంతా పాకింది. బొంబాయి ఆస్పత్రి వరండాలో కూర్చున్న ఒక టెక్నీషియన్ చేతికీ అందింది.

వార్తలో లేని సంగతి ఒకటుంది. ఆ ఫలితం నిలబడింది కేవలం నాలుగు కేసుల మీద. నాలుగు కేసులతో వచ్చిన సంబంధం అబద్ధం కానక్కర్లేదు. కానీ అది తీర్పు కాదు, ఫిర్యాదు మాత్రమే. విచారణ ఆ తర్వాత జరగాలి.

విచారణ జరిగింది కూడా. మొదట హిరోషిమా, నాగసాకి వైపు చూశారు. 1945 నాటి బాంబు దాడిలో బతికి బయటపడిన వారికి తర్వాత పుట్టిన 70 వేలకు పైగా పిల్లల వివరాలు నమోదై ఉన్నాయి. వారి తండ్రుల్లో చాలామందికి ఒక్క క్షణంలో సోకిన డోసు సెలాఫీల్డ్ కార్మికుడికి ఏళ్ల తరబడి సోకిన దానికంటే ఎక్కువ. ఆ పిల్లల్లో లుకేమియా పెరగలేదు. తర్వాత సెలాఫీల్డ్ కార్మికులకు ఆ జిల్లాలో పుట్టిన పిల్లలందరి లెక్కా తీశారు. 1993లో ఆ వివరాలు వెలువడ్డాయి. వారిలో పదింట తొమ్మిది మంది సీస్కేల్ వెలుపల పుట్టినవారే. తండ్రి డోసే కారణమైతే జబ్బు ఆ పిల్లలందరిలో కనిపించాలి. ఒక్క సీస్కేల్‌లోనే ఎందుకు? పైగా సీస్కేల్ తండ్రుల సగటు డోసు మిగతా ఊళ్ల తండ్రుల కంటే తక్కువ. అదే ఏడాది అక్టోబరులో రెండు కుటుంబాలు వేసిన దావాలో లండన్ హైకోర్టు ఈ వాదాన్ని అంగీకరించలేదు.

మరి సీస్కేల్ పిల్లలకు జబ్బెందుకు వచ్చింది? ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన లియో కిన్లెన్ 1988లోనే ఒక ఊహ చెప్పారు. మారుమూల పల్లెకు పెద్ద నిర్మాణం కోసం దేశం నలుమూలల నుంచి జనం వచ్చి పడితే, స్థానికులకు అలవాటు లేని సాధారణ సూక్ష్మజీవులు వ్యాపిస్తాయి. వాటికి అరుదైన ప్రతిస్పందనగా కొందరు పిల్లల్లో లుకేమియా రావచ్చు. ఊహను పరీక్షించడానికి ఆయన అణు కేంద్రాలే లేని చోట్లను ఎంచుకున్నారు. స్కాట్లండ్‌లో పల్లెసీమ మధ్య కొత్తగా వెలసిన గ్లెన్‌రోథెస్ పట్టణంలో చూస్తే అక్కడా జనం వచ్చిన తొలి ఏళ్లలో లుకేమియా ఎక్కువగానే ఉంది. ఆ సూక్ష్మజీవి ఏదో ఇంతవరకూ ఎవరూ పట్టుకోలేదు. కాబట్టి ఇదీ నిరూపణ కాని ఊహే. కానీ పరీక్షకు నిలబడిన ఊహ.

దీనికంటే సూటిగా ఆలోచింపజేసే లెక్క మరొకటి 1989లో వచ్చింది. బ్రిటన్‌లో అణు కేంద్రాలున్న ప్రాంతాల్లో యువతలో లుకేమియా మరణాలు కాస్త ఎక్కువగా ఉన్నాయని అప్పటికే తేలింది. రిచర్డ్ డాల్, ఆయన సహచరులు మరో జాబితా తీశారు. అణు కేంద్రం కట్టాలని అనుకుని కట్టని చోట్లు, తర్వాతెప్పుడో కట్టిన చోట్లు. అక్కడా లుకేమియా మరణాలు అంతే ఎక్కువ. లేని రియాక్టర్ రోగం తేలేదు. అణు కేంద్రం కోసం ఎంచుకునే స్థలాల్లో, అక్కడి జనంలో, వారి జీవనంలో వేరే ఏదో ఉమ్మడి లక్షణం ఉండి ఉండాలి. జబ్బుతో సంబంధం దానికి కావచ్చు.

మాస్టారు ఈ సంగతులన్నీ విశాఖలో ఒక మెడికల్ కాలేజీ లైబ్రరీలో కూర్చుని, సెలవుల్లో కొంచెం కొంచెంగా చదువుకున్నారు. 1994 సంక్రాంతికి తమ్ముడు సొంతూరు వచ్చినప్పుడు అతనికి చెప్పడానికి నోట్సు కూడా రాసుకున్నారు. ఇద్దరూ పుట్టి పెరిగింది ప్రకాశం జిల్లా దర్శి ప్రాంతంలోని పల్లెలో. ఇంటి అరుగు మీద కూర్చుని అన్న మళ్లీ అదే వాక్యంతో మొదలుపెట్టారు. సహసంబంధం వేరు, కారణం వేరు.

తమ్ముడు చివరిదాకా విననేలేదు. "తాతయ్య నడుము ఎందుకు వంగిపోయింది అన్నయ్యా?" అని అడిగాడు.

ఆ ఊళ్లో అందరికీ తెలిసిన జవాబే. బావి నీళ్లలో ఫ్లోరైడ్. నలభై ఏళ్లకే వెన్ను బిగుసుకుపోయి, మెడ తిప్పలేక మనిషి మొత్తం తిరగాల్సిన స్థితి. పళ్ల మీద గారలు. అది ఖర్మ అనుకున్న కాలం ఒకటుంది. 1937లో, ఆ ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీ నెల్లూరు జిల్లాలో ఉన్నప్పుడు, షార్ట్, ఆయన సహచరులు వచ్చి ఏ ఊరి నీళ్లలో ఏముందో, ఏ ఊరి ఎముకలు ఎలా ఉన్నాయో పక్కపక్కన పెట్టి చూశారు. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను గుర్తించింది అలాగే. "అది కూడా పక్కపక్కన పెట్టి చూడటమే కదా. వాళ్లకి నువ్వు కార్డు రాసి ఉంటే మనం ఇంకా ఆ నీళ్లే తాగుతుండేవాళ్లం" అన్నాడు తమ్ముడు.

మాస్టారు దగ్గర జవాబు లేదు. తను ఇరవై ఏళ్లు బోర్డు మీద రాసిన వాక్యం ప్రశ్నను మొదలుపెట్టడానికే గానీ ముగించడానికి కాదని ఆయనకు ఆ అరుగు మీద తెలిసింది. సిగరెట్ కంపెనీలు దశాబ్దాల పాటు చెప్పిన మాట కూడా అదే వాక్యం. పొగకూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ సంబంధం ఉంటే ఉండొచ్చు, కారణమని రుజువేదీ అన్నారు. 1950లో ఆ సంబంధాన్ని బ్రాడ్‌ఫర్డ్ హిల్‌తో కలిసి చూపించిన యువ వైద్యుడి పేరు రిచర్డ్ డాల్. కట్టని రియాక్టర్ల లెక్క తీసింది కూడా ఆయనే. ఒక చోట కారణం ఉందన్నారు, మరో చోట వేరే ఏదో ఉందన్నారు. తేడా ఆయన అభిప్రాయంలో లేదు, అడిగిన ప్రశ్నల్లో ఉంది.

ఆ ప్రశ్నలను 1965లో బ్రాడ్‌ఫర్డ్ హిల్ ఒక ఉపన్యాసంలో తొమ్మిదిగా చెప్పారు. మాస్టారు వాటిని పల్లెటూరి భాషలోకి మార్చి ఆరుకు కుదించుకున్నారు. ఏది ముందు వచ్చింది, అనుమానిస్తున్నదా, జబ్బా? మోతాదు పెరిగితే జబ్బూ పెరుగుతోందా? అనుమానిస్తున్నది లేని చోట కూడా జబ్బు అంతే ఉందా? అదే ఉన్న మరో చోట జబ్బు కనిపిస్తోందా? తీసేస్తే తగ్గుతోందా? ఒంట్లో అది ఎలా పనిచేస్తుందో చెప్పగలమా?

ఫ్లోరైడ్ ఈ పరీక్షలన్నీ దాటుతుంది. నీళ్లలో ఎక్కువ ఉన్న ఊళ్లలో జబ్బు ఎక్కువ, మంచి నీళ్లు వచ్చిన ఊళ్లలో కొత్త తరం పిల్లల ఎముకలు నిటారు. ఎముకలో అది ఎలా చేరుతుందో కూడా తెలుసు. పొగాకూ దాటుతుంది. అణుశక్తి విషయంలో కూడా దాటిన ఉదాహరణ ఉంది. 1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్ పేలాక రేడియోధార్మిక అయొడిన్ గడ్డి మీద పడింది, ఆవు పాలలో చేరింది, పాలు తాగిన పిల్లల గొంతులోని థైరాయిడ్ గ్రంథిలో పేరుకుంది. నాలుగైదేళ్లకు బెలారస్, ఉక్రెయిన్‌లలో పిల్లల్లో చాలా అరుదైన థైరాయిడ్ క్యాన్సర్ పెరగడం మొదలైంది. డోసు ఎక్కువ సోకిన పిల్లల్లో ఎక్కువగా, పసితనంలో సోకిన వారిలో మరీ ఎక్కువగా. 2005 నాటికి ఆరు వేలకు పైగా కేసులు నమోదయ్యాయి. వాటిలో కొంత భాగం గట్టిగా గాలించడం వల్ల బయటపడినవే అయినా, రేడియేషన్ పాత్రను ఇప్పుడు ఎవరూ కాదనడం లేదు.

గాలించడం అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. 2011 మార్చిలో ఫుకుషిమా ప్రమాదం తర్వాత జపాన్‌లోని ఆ జిల్లా ప్రభుత్వం సుమారు 3 లక్షల మంది పిల్లల గొంతులను అత్యాధునిక అల్ట్రాసౌండ్ యంత్రాలతో పరీక్షించింది. మొదటి విడతలోనే వందకు పైగా క్యాన్సర్లు, అనుమానిత క్యాన్సర్లు బయటపడ్డాయి. ప్రపంచం హడలిపోయింది. అయితే ప్రమాదంతో సంబంధం లేని అవోమోరి, యమనాషి, నాగసాకి జిల్లాల్లో అవే యంత్రాలతో పిల్లలను పరీక్షిస్తే అక్కడా గొంతులో కణుతులు, తిత్తులు అదే స్థాయిలో కనిపించాయి. దక్షిణ కొరియాది ఇంకా విచిత్రం. అక్కడ ఏ రియాక్టరూ పేలలేదు. 1999 తర్వాత ఆరోగ్య పరీక్షల్లో భాగంగా థైరాయిడ్ స్కానింగ్ విరివిగా జరిగింది. 1993తో పోలిస్తే 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ కేసులు 15 రెట్లయ్యాయి. ఆ క్యాన్సర్‌తో చనిపోయే వారి సంఖ్య మాత్రం మారలేదు. పెరిగింది జబ్బు కాదు, చూపు. ప్రమాదం జరిగిన చోటే వెతికితే జబ్బు అక్కడే దొరుకుతుంది.

తేలని లెక్కలూ ఉన్నాయి. 2007 డిసెంబరులో జర్మనీలో వెలువడిన అధ్యయనం అలాంటిది. అక్కడి 16 అణు విద్యుత్ కేంద్రాల చుట్టూ 1980 నుంచి 2003 వరకు అయిదేళ్లలోపు పిల్లలను లెక్కించారు. కేంద్రానికి 5 కిలోమీటర్ల లోపు 37 మందికి లుకేమియా వచ్చింది. సగటు ప్రకారం 17 మందికి రావాలి. అంటే ముప్పు రెట్టింపు. వినడానికి భయంగానే ఉంటుంది. అదే విషయాన్ని మరోలా చెప్పవచ్చు: 16 కేంద్రాల చుట్టూ 24 ఏళ్లలో 20 కేసులు అదనం. ఏడాదికి ఒకటి కూడా కాదు. రెండూ నిజమే. ఆ కేంద్రాల నుంచి చుట్టుపక్కల వారికి అందే రేడియేషన్ మట్టి నుంచి, ఆకాశం నుంచి సహజంగా అందే దానిలో వెయ్యో వంతు కంటే తక్కువ. అంత తక్కువ మోతాదు ఈ జబ్బుకు కారణమని చెప్పలేమని అధ్యయనం చేసినవారే రాశారు. దగ్గరగా ఉండటానికీ జబ్బుకూ సంబంధం కనిపించింది, కారణం తెలియలేదు. దీన్ని అణు వ్యతిరేకులు రుజువు అన్నారు, అణు సమర్థకులు కాకతాళీయం అన్నారు. తెలియదు అన్న మాట మాత్రం రెండు పక్షాలకూ రుచించలేదు.

సమర్థకులకూ ఇష్టమైన సహసంబంధం ఒకటుంది. కేరళలోని కరునాగపల్లి తీరం. అక్కడి ఇసుకలో మోనజైట్, అందులో థోరియం. సహజ రేడియేషన్ ప్రపంచ సగటుకు ఎన్నో రెట్లుండే చోట్లు అక్కడున్నాయి. తిరువనంతపురంలోని రీజనల్ క్యాన్సర్ సెంటర్ నిపుణులు దాదాపు 70 వేల మంది పెద్దలను సగటున పదేళ్లకు పైగా గమనించారు. 2009లో వచ్చిన ఫలితాల్లో రేడియేషన్ పెరిగిన కొద్దీ క్యాన్సర్ పెరిగిన దాఖలా లేదు. విలువైన అధ్యయనమే. కానీ దీన్ని పట్టుకుని చిన్న మోతాదు రేడియేషన్ వల్ల ఏమీ కాదని, మంచిదేనని కూడా ప్రచారం చేసేవాళ్లున్నారు. కనిపించలేదన్న దానికీ లేదన్న దానికీ మధ్య దూరం చాలా ఉంది. ఫ్రాన్స్, బ్రిటన్, అమెరికాల్లో 3 లక్షల మందికి పైగా అణు కార్మికుల డోసు రికార్డులను కలిపి చూస్తే, డోసుతో పాటు లుకేమియా ముప్పు స్వల్పంగానైనా పెరుగుతోందని 2015లో తేలింది. ఇతర క్యాన్సర్ల విషయంలోనూ అలాంటి ఫలితమే 2023లో వచ్చింది. బ్యాడ్జీ పెట్టుకుని లోపలికి వెళ్లే కార్మికుడికి ఏ ముప్పూ లేదనడం కూడా సైన్సు కాదు.

ఈ బ్యాడ్జీ సంగతే మాస్టారును ఎక్కువగా బాధపెడుతుంది. 1994లో ఆ అరుగు మీద వాదన ఆగిపోయాక, చీకటి పడే వేళకు ఆయన తమ్ముడిని మొదటిసారి అడిగారు: "పాప పుట్టకముందు నీకు మొత్తం ఎంత డోసు సోకిందిరా?" తమ్ముడు లోపలికి వెళ్లి పెట్టెలో నుంచి కాగితాలు తెచ్చాడు. కార్మికుల బ్యాడ్జీల్లో నమోదైన డోసు లెక్క అది. ఏడాదివారీగా ఉంది. ఇద్దరూ లాంతరు వెలుగులో కూడారు. బ్రిటిష్ అధ్యయనం చెప్పిన 100 మిల్లీసీవర్ట్‌లలో అయిదో వంతు కూడా లేదు. అంటే ఆ అధ్యయనం నూటికి నూరు పాళ్లు నిజమే అయినా, అది తమ్ముడి గురించి చెప్పింది కాదు. ఆ కాగితాలు 1990లో కూడా అదే పెట్టెలో ఉన్నాయి. అన్న అడగలేదు. తమ్ముడికి అడగాలని తెలియలేదు. పేపరు వార్తలో ఆ అంకె చివరి పేరాలో ఉండి ఉండవచ్చు, లేకపోనూ వచ్చు.

తమ్ముడు కాగితాలు మడిచి, "అయితే నా వల్ల కాదంటావా?" అన్నాడు.

లెక్చరర్‌గా మాస్టారు ఇచ్చిన కష్టమైన జవాబు అదే. ఒక్క బిడ్డ విషయంలో ఫలానా కారణమనో, కాదనో ఏ శాస్త్రమూ చెప్పలేదు. వేల మందిని కలిపి చూసినప్పుడే లెక్క మాట్లాడుతుంది. పిల్లల లుకేమియాలో ఎక్కువ కేసులకు ఏ ఒక్క కారణాన్నీ వేలెత్తి చూపలేం. ఎక్కడా ఏ అణు కేంద్రమూ లేని ఊళ్లలో కూడా పిల్లలు ఈ జబ్బుతో పోతున్నారు. "నువ్వు నమ్మిన కారణానికి మాత్రం ఆధారం మిగల్లేదు. అంతవరకే చెప్పగలను" అన్నారు. తమ్ముడు ఏమీ అనలేదు. లోపల మరదలు వింటూనే ఉంది. అప్పటికి వాళ్లు తీసుకున్న నిర్ణయానికి మూడేళ్లు. దాన్ని వాళ్లు మార్చుకోలేదు.

సహసంబంధాన్ని కారణమనుకుంటే జరిగే నష్టం ఇలాగే ఉంటుంది. అది పత్రికలో సవరణగా కనిపించదు. పుట్టని బిడ్డలు, అమ్ముకున్న పొలాలు, సంబంధాలు కుదరని ఆడపిల్లలు, తమను తాము దోషులుగా చూసుకునే తల్లిదండ్రులు. కారణాన్ని కాకతాళీయమని తోసిపుచ్చితే జరిగే నష్టమూ అంతే పెద్దది. వంగిన వెన్నులు చూడాలంటే దర్శి వెళ్లాలి, నల్లగొండ వెళ్లాలి.

శ్రీకాకుళం జిల్లాకు ఈ పాఠం దూరపు సంగతి కాదు. జిల్లా ఉత్తర కొసన ఉద్దానం ఉంది. కొబ్బరి, జీడి తోటల నేల. రెండు దశాబ్దాలకు పైగా అక్కడ రైతులూ కూలీలూ కిడ్నీలు పాడై మంచాన పడుతున్నారు. చాలామందికి షుగరూ లేదు, బీపీ చరిత్రా లేదు. నీటిలోని సిలికా, భార లోహాలు, పురుగుమందులు, ఎండలో నీళ్లు తాగకుండా చేసే పని, ఇలా అనుమానాలు ఎన్నో. తిరుగులేని కారణం ఇంతవరకూ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆస్పత్రి ప్రారంభమయ్యాయి. శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రంలో, మధ్య అమెరికాలోని చెరకు తోటల్లో కూడా ఇలాంటి జబ్బే ఉంది.

అదే జిల్లా దక్షిణ భాగంలో రణస్థలం మండలం కొవ్వాడ. అక్కడ ఆరు రియాక్టర్లతో అణు విద్యుత్ కేంద్రం ప్రతిపాదన ఏళ్లుగా నడుస్తోంది. మాస్టారు తన దగ్గరికొచ్చే కుర్రాళ్లను ఒక ప్రశ్న అడుగుతుంటారు. కొవ్వాడలో 1985లోనే రియాక్టర్ కట్టి ఉంటే ఉద్దానం కిడ్నీల గురించి జిల్లా ఏమనుకునేది? అందరూ ఒకే జవాబు చెబుతారు. వంద కిలోమీటర్ల దూరమన్నది ఎవరికీ అడ్డు వచ్చేది కాదు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. రియాక్టర్ దోషి అయ్యేది, నీళ్లూ ఎండా పురుగుమందులూ నిర్దోషులయ్యేవి. వాటి మీద పరిశోధన ఉండేది కాదు. తప్పుడు కారణం దొరికితే అసలు కారణాన్ని వెతకడం ఆగిపోతుంది. రోగికి జరిగే అసలు అన్యాయం అదే.

ఆ ప్రశ్నకు రెండో సగం కూడా ఉంది. రేపు కొవ్వాడలో కేంద్రం నిజంగానే వస్తే, ఆ తర్వాత ఇరవై ఏళ్లకు చుట్టుపక్కల ఊళ్లలో ఒక తల్లి, తన బిడ్డకు ఈ జబ్బెందుకు వచ్చిందని అడుగుతుంది. అప్పుడు జవాబు చెప్పాలంటే ఈ రోజు లెక్క చేతిలో ఉండాలి. కేంద్రం రాకముందు ఆ ఊళ్లలో ఏటా ఎందరికి ఏ క్యాన్సర్ వచ్చేది, ఎందరు పిల్లలు లోపాలతో పుట్టేవారు, బావుల్లో ఏముండేది, నేలలో సహజ రేడియేషన్ ఎంత? ఇవన్నీ ఇప్పుడే, కేంద్రం యాజమాన్యంతో సంబంధం లేని వాళ్ల చేత, దూరంగా ఉన్న మరికొన్ని ఊళ్లతో కలిపి రాసిపెట్టించాలి. వద్దనేవాళ్లూ కావాలనేవాళ్లూ కలిసి అడగగలిగిన కోరిక ఇదొక్కటే. ముందటి లెక్క లేకపోతే తర్వాతి లెక్కకు అర్థం లేదు. అప్పుడు ఒకరు కాకి కథ, మరొకరు పొగ సామెత మళ్లీ మొదలుపెడతారు.

సీస్కేల్ గురించి కోమేర్ కమిటీ 2016లో మరో నివేదిక ఇచ్చింది. 1990ల నుంచి ఆ ఊళ్లో లుకేమియా దేశ సగటు కంటే ఎక్కువగా లేదని అందులో ఉంది. అప్పటికి తమ్ముడు రిటైరై ఒంగోలులో స్థిరపడ్డాడు. మాస్టారు ఫోన్ చేసి సంగతి చెప్పారు. తమ్ముడు అంతా విని, "ఆ ఏడుగురి అమ్మానాన్నలకు కూడా ఎవరైనా ఫోన్ చేసి చెబుతారా అన్నయ్యా?" అని అడిగాడు.

మాస్టారు ఇప్పుడు ఎవరికీ ఆ పాత వాక్యాన్ని ఒంటరిగా చెప్పరు. ఎవరైనా పేపరు కటింగో, ఫోన్‌లో వచ్చిన మెసేజో పట్టుకుని వస్తే పక్కన కూర్చోబెట్టుకుని పెన్ను తీస్తారు. ఎంతమందికి? ఎంతమందిలో? ఎప్పటి నుంచి? మోతాదెంత? అది లేని ఊళ్లో ఎలా ఉంది? జవాబులు దొరికినవి దొరికినట్టు, దొరకనివి దొరకలేదని రాస్తారు. గంట పడుతుంది, ఒక్కోసారి రెండు గంటలు. కార్డు మీద ఒక్క లైను రాయడానికైతే అర నిమిషం చాలు.